ఆఖరి శనివారం

అమెరికాలో మనిషి ఉద్యోగం నుంచి ఎలా వెళ్లిపోతాడు అనేది నేను ఆఫీసులో కంటే ముందు టీవీలో చూశాను. శనివారం రాత్రి పదకొండున్నరకి ఎన్‌బీసీ చానెల్‌లో వచ్చే ‘శాటర్‌డే నైట్ లైవ్’ అనే కామెడీ షోలో.

బ్యాంకుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న సిస్టమ్ ఆగకుండా చూసుకునే పని, చేసేవాళ్లకి శనివారం రాత్రి అంటే రిలీజ్ రాత్రి. లావాదేవీలు తక్కువగా ఉండే టైమ్ కాబట్టి కొత్త కోడ్ అప్పుడే ఎక్కిస్తారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంట్లో లాప్‌టాప్‌లో బ్రిడ్జ్ కాల్ (టీమ్ అంతా ఒకే లైన్‌లో ఉండే కాల్) నడుస్తుంటే, ఎదురుగా టీవీలో సౌండ్ తగ్గించి ఈ షో పెట్టుకునేవాడిని. మొదట్లో చాలా జోకులు అందేవి కావు. ఎవరు సెనేటర్, ఎవరు గవర్నర్, ఏ వార్త మీద ఈ స్కెచ్ (చిన్న హాస్య నాటిక) వేశారు అనేది తెలియాలంటే ఈ దేశంలో కొన్నేళ్లు ఉండాలి. కానీ మనుషులు అర్థమయ్యేవాళ్లు. చివర్లో అందరూ స్టేజి మీదకొచ్చి ఒకరినొకరు కౌగిలించుకుంటారు. సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఎవరిని అందరూ ఎక్కువసేపు పట్టుకున్నారో చూస్తే, ఎవరు వెళ్లిపోతున్నారో తెలిసిపోయేది.

ఆ షో ఎలా తయారవుతుందో తెలిశాక గౌరవం ఇంకా పెరిగింది. సోమవారం నిర్మాత లోర్న్ మైకేల్స్ గదిలో ఆ వారం హోస్ట్‌గా వచ్చే గెస్ట్‌తో కూర్చుని ఐడియాలు చెప్తారు. మంగళవారం రాత్రంతా మేలుకుని రాస్తారు. బుధవారం టేబుల్ చుట్టూ కూర్చుని నలభై దాకా స్కెచ్‌లు చదువుతారు, చాలావరకు అక్కడే రాలిపోతాయి. గురు, శుక్రవారాల్లో సెట్లు, రిహార్సల్స్. శనివారం రాత్రి ఎనిమిదికి ప్రేక్షకుల ముందు డ్రెస్ రిహార్సల్ చేసి, అది అయ్యాక కూడా కొన్ని తీసేస్తారు. పదకొండున్నరకి లైవ్. మా రిలీజ్‌లో ఏదైనా తేడా కొడితే రోల్‌బ్యాక్ ఉంటుంది, అంటే పాత కోడ్‌కి వెనక్కి వెళ్లొచ్చు. వాళ్లకి అది కూడా లేదు.

ఇలాంటి పని ఎవరూ ఎల్లకాలం చేయలేరు. అందుకే ఈ షో చరిత్ర అంతా వెళ్లిపోయినవాళ్ల చరిత్రే. 1975 అక్టోబర్ 11న మొదలైనప్పుడు ఏడుగురు నటులు ఉండేవాళ్లు. అందరికంటే ముందు పేరు తెచ్చుకున్న చెవీ చేజ్ రెండో సీజన్ మధ్యలోనే, 1976లో వెళ్లిపోయాడు. 1977 మొదట్లో ఆ ఖాళీలోకి బిల్ మరీ వచ్చాడు. 1979లో డాన్ ఆక్రాయిడ్, జాన్ బెలూషీ కలిసి వెళ్లారు. ఇక 1980లో జరిగింది మా ఫీల్డ్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. షోని పుట్టించిన మైకేల్స్, మిగిలిన నటులు, రచయితల్లో దాదాపు అందరూ ఒకేసారి బయటికి వెళ్లిపోయారు. కేటీ (వెళ్లేవాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పి అప్పగించడం) ఇచ్చేవాళ్లు లేరు, తీసుకునేవాళ్లు లేరు. కొత్త నిర్మాతగా వచ్చిన జీన్ డౌమేనియన్‌ని ఒక్క సీజన్ కూడా పూర్తి కాకముందే, 1981లో తీసేశారు. ఆవిడ తెచ్చిన కొత్త నటుల్లో చివరికి నిలిచింది ఇద్దరే: జో పిస్కోపో, పందొమ్మిదేళ్ల ఎడ్డీ మర్ఫీ. ఆ కుర్రాడే లేకపోతే ఈ షో అప్పుడే మూతపడేదని చాలామంది అంటారు, నేనూ నమ్ముతాను.

1985లో మైకేల్స్ తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఎక్కువగా కొందరు వెళ్తే కొందరు వస్తున్నారు. కొత్తవాళ్లు ముందు ‘ఫీచర్డ్ ప్లేయర్’గా చేరతారు, పాతవాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. కెనన్ థాంప్సన్ 2003 నుంచి ఉన్నాడు. నటుల్లో అంతకాలం ఇంకెవరూ లేరు.

వెళ్లేవాళ్లలో కొందరికి స్టేజి మీద వీడ్కోలు దక్కుతుంది. 1994 మేలో ఫిల్ హార్ట్‌మన్ చివరి ఎపిసోడ్‌లో క్రిస్ ఫార్లీ అతని మీద తల వాల్చి నిద్రపోతున్నట్టు ఉంటాడు, హార్ట్‌మన్ మెల్లగా సెలవు తీసుకుంటాడు. 2012లో క్రిస్టెన్ విగ్‌కి ఏకంగా కాలేజీ గ్రాడ్యుయేషన్ లాంటి సెట్ వేశారు. రాక్ గాయకుడు మిక్ జాగర్ పాడుతుంటే ఆమె తోటివాళ్లందరితో ఒక్కొక్కరుగా డాన్స్ చేసింది. ఎప్పుడూ ముభావంగా కనిపించే మైకేల్స్ కూడా వచ్చి చేశాడు. 2022 మేలో కేట్ మెకినన్ వెళ్లిపోయినప్పుడు, గ్రహాంతరవాసులు పదేపదే ఎత్తుకెళ్లే ఆడమనిషిగా తను ఎన్నోసార్లు వేసిన పాత్రనే మళ్లీ వేసింది. ఈసారి వాళ్ల ఓడ ఎక్కి వెళ్లిపోతూ, ఇన్నాళ్లు ఉండనిచ్చినందుకు భూమికి థాంక్స్ చెప్పింది. అప్పుడు మేము వీసా రెన్యువల్ టెన్షన్‌లో ఉన్నాం. పక్కన కూర్చున్న నా భార్య ఏడ్చేసింది. నాకూ గొంతు పట్టేసింది.

అందరికీ ఇది దక్కదు. నటులతో చాలా ఏళ్లకి కలిపి కాంట్రాక్ట్ రాయించుకున్నా, ప్రతి వేసవిలో కొనసాగించాలా వద్దా అనేది షో వాళ్లు తేల్చుకుంటారు. మేలో సీజన్ అయిపోతుంది, జులై, ఆగస్టుల్లో కబురు వస్తుంది. 2014లో బ్రూక్స్ వీలన్‌తో సహా ముగ్గురు కొత్తవాళ్లని ఒక్క సీజన్‌కే పంపేశారు. వాళ్లు చివరి ఎపిసోడ్ చేస్తున్నప్పుడు అది చివరిదని వాళ్లకే తెలియదు. ఈ షోలో నన్ను బాధపెట్టేది ఇదొక్కటే.

మా టీమ్‌లో ఖమ్మం నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవారు. ఏ బ్యాచ్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఎక్కడ ఆగుతుందో, ఆగితే ఎవరిని నిద్ర లేపాలో ఆయనకి నోటికి వచ్చు. ఒక మంగళవారం పొద్దున వాట్సాప్‌లో మెసేజ్: ‘తమ్ముడూ, నాకు లాగిన్ అవ్వట్లేదు. నీకు అవుతోందా?’ నాకు అవుతోంది. పది గంటలకి రోజూ జరిగే టీమ్ మీటింగ్‌లో మేనేజర్ ఆయన టికెట్లని, అంటే ఆయన చేతిలో ఉన్న పనుల్ని, మా ఇద్దరికి పంచి, తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. ఆయన పేరు కూడా ఎత్తలేదు. డెస్క్ మీద ఉన్న పిల్లల ఫోటోలు, స్టీల్ టిఫిన్ డబ్బా పెట్టెలో పెట్టి కొరియర్‌లో ఇంటికి పంపారు.

హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు ఉంటుంది. 2017లో వచ్చిన రూల్ ఇది. ఆలోపు వేరే కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. ఇంటి లీజు, కారు లోను, నాలుగో తరగతి చదివే పాప, అన్నీ ఆ గడువు లోపలే తేలాలి. షో నుంచి తీసేసిన కమెడియన్ బాధని నేను తక్కువ చేయను, కానీ వాళ్లలో ఎక్కువమంది మర్నాడు ఏదో ఒక క్లబ్బులో మైకు పట్టుకోగలరు. అన్నకి ఆ వీలు లేదు. దేవుడి దయవల్ల గడువు లోపలే డల్లాస్‌లో ఒక కంపెనీ పిటిషన్ వేసింది. వెళ్లేముందు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి అందరం వెళ్లి, క్యాంటీన్‌లో దోసెలు తిన్నాం. అక్కడ ఆయన నాతో అన్న మాట: ‘ఆ మంత్ ఎండ్ జాబ్ గురించి డాక్యుమెంట్ సగం రాసిపెట్టాను తమ్ముడూ. షేర్డ్ డ్రైవ్‌లో ఉంది. ఎవరైనా పూర్తిచేస్తే బాగుండు.’ తీసేసినవాళ్ల మీద ఒక్క మాట అనలేదు. పని సగంలో ఆగిపోయిందనే ఆయన బాధంతా.

1995లో ఈ షో నుంచి ఆడమ్ శాండ్లర్‌ని, క్రిస్ ఫార్లీని తీసేశారు. రెండేళ్లకి, 1997 డిసెంబర్‌లో ఫార్లీ చనిపోయాడు. శాండ్లర్ సినిమాల్లో పెద్ద స్టార్ అయ్యాడు. 2019 మేలో అదే స్టేజి మీదకి హోస్ట్‌గా వచ్చి, నన్ను ఇక్కడి నుంచి తీసేశారు అని గిటార్ పట్టుకుని పాడాడు. ఆఖర్లో ఫార్లీ కోసం ఇంకో పాట పాడాడు. దాన్ని నేను చాలాసార్లు చూశాను. తీసేసిన చోటుకే వచ్చి, తీసేశారని పైకి చెప్పి, పోయిన స్నేహితుడి పేరు ఎత్తి వెళ్లాడు. మా ఫీల్డ్‌లో మళ్లీ అదే క్లయింట్ దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు, కానీ అప్పుడు ఏం జరిగిందో నోరు విప్పి చెప్పినవాళ్లని నేను చూడలేదు.

మన జబర్దస్త్ చూసేవాళ్లకి కూడా ఈ గుబులు కొంత తెలుసు. 2013లో ఈటీవీలో మొదలైనప్పటి నుంచి అందులో ఎందరో వచ్చారు, వెళ్లారు. 2022లో రోజా గారు మంత్రి అయ్యి షో వదిలినప్పుడు మా లంచ్ టేబుల్ దగ్గర అందరూ అదే మాట్లాడుకున్నారు. ఇంత దూరంలో ఉన్నవాళ్లకి వారం వారం కనిపించే ఆ ముఖాలు ఇంటివాళ్లతో సమానం.

ఇప్పుడు నేను టీమ్ లీడ్‌ని. ఎవరి కాంట్రాక్ట్ ఎప్పుడు ఆపాలి అనేది నా చేతిలో లేదు. కానీ ముందుగా తెలిస్తే మాత్రం, వాళ్లు ఉండగా వచ్చే ఆఖరి రిలీజ్ కాల్ వాళ్లనే నడిపించమంటాను. క్లయింట్ వాళ్లు, వేరే దేశం నుంచి పనిచేసే ఆఫ్‌షోర్ వాళ్లు అందరూ లైన్‌లో ఉన్నప్పుడు, ఈ సిస్టమ్‌లో ఏది వాళ్లు కట్టారో పేరు పెట్టి చెప్తాను. ఒకమ్మాయి ఆ కాల్ అయ్యాక తెనాలిలో ఉన్న వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, ‘నాన్నా, అందరి ముందు నా పేరు చెప్పారు’ అందట.

2025 డిసెంబర్ 20న బోవెన్ యాంగ్ వెళ్లిపోయాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన చైనా కుటుంబం పిల్లాడు. 2018లో రచయితగా చేరి, మరుసటి ఏడాది నటుడయ్యాడు. క్రిస్మస్ ముందు రోజు ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఆఖరి షిఫ్ట్ చేస్తున్న ఉద్యోగి పాత్ర వేశాడు. భార్యగా గాయని ఆరియానా గ్రాండే, పై అధికారిగా ఇంకో గాయని షెర్. డ్యూటీ దిగిపోతున్న మామూలు ఉద్యోగి మనసు ఎలా ఉంటుందో అతని ముఖంలో చూశాను. నటిస్తూ నటిస్తూ నిజంగానే ఏడ్చేశాడు.

అదే ఏడాది వేసవిలో హైడీ గార్డ్‌నర్ వెళ్లిపోయింది. 2017లో వచ్చి ఎనిమిది సీజన్లు చేసింది. మేలో యాభయ్యో సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చినప్పుడు, ఇక ఆమె కనిపించదని చూసేవాళ్లెవరికీ తెలియదు. ఆగస్టులో వార్తగా చదువుకున్నాం. అంత పని చేసిన మనిషికి ఒక శనివారం, అందులో ఐదు నిమిషాలు ఇవ్వాల్సింది.