మకరి పార్టీ తరఫున

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచిక కోసం కమిటీ వాళ్లు ఫోన్ చేసి "రెండు పేజీలు, ఒక ఫోటో, శనివారం లోపల" అన్నారు. దేని గురించి రాయాలప్పా అంటే, "నీ ఇష్టం, కంపాస్ బాక్సు సంగతి మాత్రం వద్దు" అన్నారు. ఎందుకు వద్దో మనందరికీ తెలుసు. ఆ ఇద్దరూ ఇప్పుడు వియ్యంకులు. చింతచెట్టు గురించీ బెల్లు తాత గురించీ ఎవరో ఒకరు రాస్తారు. లెక్కల సార్ బెత్తం గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు టెన్షనే. కాబట్టి తెలుగు సారు గురించీ, ఆయన పాఠంలోని మొసలి గురించీ. అంతే.

గజేంద్ర మోక్షం పాఠంలో ఉన్నవి కొన్ని పద్యాలే. సారుకు అవి చాలలేదు. ఇంటి నుంచి అట్ట ఊడిపోయిన భాగవతం తెచ్చి, అష్టమ స్కంధంలో మిగతావి కూడా మొదలుపెట్టారు. (పోతన ఒంటిమిట్ట వాడా, బమ్మెర వాడా అన్న జోలికి నేను పోను. ఈ సంచికను ఓరుగల్లు అల్లుళ్లు కూడా చదువుతారు.) "కరి దిగుచు మకరి సరసికి" చదివి, పుస్తకం మూసి, వేలితో గాలిలో తాడు లాగినట్టు అటూ ఇటూ చూపించారు. "కరికి మకరి, మకరికి కరి. చూసినారా, పోతన ఇద్దరికీ సమానంగా తూచినాడు. మీరేమో అప్పుడే ఏనుగు పక్కకు పోయి కూర్చున్నారు. ఆ మడుగు ఎవరిదిరా?"

ఎవరూ పలకలేదు. మన ఊళ్లో నీళ్లు ఎవరివి అని అడిగితే ఎవరు పలుకుతారు?

ఆ రోజు ఇంటర్వెల్లుకే క్లాసు రెండు పార్టీలైంది. కడప పిల్లలకు పార్టీలు కట్టడం ఒకరు నేర్పాలా! ఏనుగు పార్టీలో నలభై మంది. మకరి పార్టీలో నేను, గుడ్లగూబ అని మనం పిలిచే అమ్మాయి, కిటికీ బెంచి అమ్మాయిలు ఇద్దరు. మర్నాడు సారు పాఠం పక్కన పెట్టి వాదన పెట్టించారు. ఏనుగు పార్టీ వాళ్లు "లావొక్కింతయు లేదు" ఎత్తుకున్నారు. మన గాయకుడు గొంతెత్తి పాడేసరికి పక్క క్లాసు వాళ్లు కూడా కిటికీల దగ్గరికి వచ్చారు. మా పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు గుడ్లగూబ లేచి, సారు పుస్తకమే అడిగి తీసుకుని "ఇభలోకేంద్రుడు" పద్యం తీసింది. ఏనుగు తొండం నిండా నీళ్లు పీల్చి పైకి చిమ్మితే మొసళ్లూ చేపలూ ఎగిరిపోయి ఆకాశంలో మీనరాశిని, కర్కాటకరాశిని పట్టుకున్నాయంట, దేవతలు నోరు తెరుచుకుని చూస్తున్నారంట. "సార్, ఇంట్లో కూర్చున్నోళ్లను ఆకాశానికి ఎగరేసింది ఎవరు సార్?" అని అడిగింది. సారు కుర్చీలో వెనక్కి వాలి నవ్విన నవ్వు మీకు గుర్తుండే ఉంటుంది. తీర్పు మాత్రం చెప్పలేదు. "కాలు పట్టుకున్నోన్ని గూడా అడగాల గదరా, ఎందుకు పట్టుకున్నావని" అన్నారు. అంతలో బెల్లు తాత గంట కొట్టేశాడు.

పదో తరగతి, ఇంటరు, ఇంజనీరింగు ఎట్ల గడిచినాయో గడిచినాయి. నీటిపారుదల శాఖలో చేరి, ఎక్కువ కాలం కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ మీదే పనిచేశాను. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే కాలువ మన జిల్లాకు వచ్చేసరికి ఎంత చిక్కిపోతుందో మీలో సేద్యం చేసేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మైదుకూరు వైపు ఒక ఏడాది కింది ఊరి వాళ్లు అర్జీ పెట్టారు, పై ఊరి వాళ్లు కాలువలో ఇసుక మూటలతో అడ్డకట్ట వేశారని. నిజమే, వేశారు. కేసు కాగితాలు సిద్ధమైనాయి. సంతకం పెట్టే ముందు పై ఊరికి కూడా పోదామన్నాను. కాలువ కాపలా చూసే లస్కరు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూశాడు. తీరా పోయి చూస్తే, వాళ్ల పిల్లకాలువ పూడిపోయి తూము కంటే ఎత్తుకు వచ్చేసింది. కాలువలో మట్టం పెంచితే తప్ప వాళ్ల మళ్లకు చుక్క ఎక్కదు. పూడిక తీయించాం, వంతులు రాయించాం, ఇసుక మూటలు వాళ్లే తీసేశారు. గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను, మన సీమలో అట్లాంటివి పోవు. నా రిటైర్మెంటు సభకు రెండు ఊళ్ల వాళ్లూ వచ్చారు, వేరే వేరే జీపుల్లో.

మా ఇంజనీర్లలో నాకంటే లెక్కలు బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అర్జీలో లేని మనిషి కోసం వెతకడం మాత్రం వాళ్లకు ఏ క్లాసులోనూ చెప్పినట్టు లేదు. మా అమ్మాయి ఇప్పుడు జూనియర్ లాయరు. ప్రతివాది తరఫునే ఎక్కువ కేసులు తీసుకుంటుంది. ఇంట్లో మొసలి మాట వినీ వినీ అట్లయిందని మా ఆవిడ అనుమానం.

ఏనుగు పార్టీకి ఒక మాట. చక్రం తగలగానే ముందు శాపం తీరింది మొసలికే. హూహూ అనే గంధర్వుడై స్వామిని పొగిడి తన లోకానికి పోయాడు. ఏనుగు సంగతి ఆ తర్వాతే. దీనికి మీరు అప్పుడూ బదులు చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో నన్ను "మకరీ" అని పిలవడం తప్ప ఇప్పుడూ చెప్పడం లేదు. భోజనాలైనాక గంట టైము ఉంచమని కమిటీకి చెప్పాను. సారు వస్తానన్నారంట. పుస్తకం నేను తెస్తాను, మీ గాయకుణ్ణి మీరు తెచ్చుకోండి.