గండికోట దారిలో కంపచెట్టు, కడపలో కుంపటి

గండికోట చూసుకొని కడపకు తిరిగి వస్తుంటే ముద్దనూరు, ఎర్రగుంట్ల దాటి కమలాపురం వచ్చేదాకా రోడ్డుకు రెండు వైపులా సర్కారు కంప కనిపిస్తూనే ఉంటుంది. బీడు భూముల్లోనూ, వంక గట్ల మీదా, రైలు పట్టాల వెంటా ముళ్ళతో అల్లుకుపోయే ఈ చెట్టు మన నేలలో పుట్టినది కాదు. వంటచెరకు కోసం మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు 1870ల దశాబ్దంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి నాటించిన తొలి చోట్లలో ఈ కమలాపురం ఒకటి. దీనికి దగ్గరి జాతి అయిన మెస్కీట్ చెట్టు కట్టె మీద మాంసం కాల్చడం అమెరికాలోని టెక్సాస్‌లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ రాత్రి కడపలో ఒక బార్బెక్యూ రెస్టారెంటులో భోజనం చేయాలని ముందే అనుకొని ఉన్నాము కనుక, కారులో ఈ సంగతి చెప్పగానే మా మేనల్లుడు, "అయితే మామా, మనకు పెట్టేది కూడా ఈ కంప బొగ్గుల మీద కాల్చిందేనా?" అని అడిగాడు. అక్కడికి చేరాక మొదట కనుక్కోవలసినది అదేనని నాకూ అనిపించింది.

పెన్నా లోయ అంచున, మాధవరాయ ఆలయంలో, జామా మసీదు దగ్గరి ధాన్యాగారంలో ఎండనక తిరిగాము. మధ్యాహ్నం అమ్మ కట్టి తెచ్చిన పులిహోర తప్ప వేరే ఏమీ తినలేదు. అందువల్ల ఏడున్నరకు రెస్టారెంటు మెట్లెక్కే సమయానికి బావకు మాట్లాడే ఓపిక కూడా మిగలలేదు.

ఇటువంటి చోట కూర్చోగానే భోజనం రాదు. నల్లని కడప బండ పరిచిన బల్ల మధ్యలో గుంత ఉంటుంది, అందులోకి నిప్పుల పెట్టె దించుతారు. మసాలాలో నానిన ముక్కలను చువ్వలకు గుచ్చి, వంటింట్లో చాలా వరకు కాల్చి తెచ్చి, ఆ నిప్పుల మీద వరుసగా అమరుస్తారు. మిగిలిన కాలడమంతా మన కళ్ళ ముందే జరుగుతుంది. మనిషికి ఇంత అని ధర ముందే చెబుతారు. బల్ల మీద ఉన్న చిన్న జెండా నిలబడి ఉన్నంతసేపు శీకులు వస్తూనే ఉంటాయి, చాలనుకున్నప్పుడు దాన్ని దించాలి.

మా బల్లకు నిప్పుల పెట్టె వచ్చినప్పుడు బొగ్గుల మీద ఇంకా మంట ఆడుతోంది, కొన్నిటి నుంచి పొగ లేస్తోంది. ఆకలితో ఉన్న బావ, "శీకులు తెచ్చెయ్ అబ్బీ" అన్నాడు. వడ్డించే యువకుడు నెమ్మదిగా, "ఇంగ అయిదు నిమిషాలు ఉండండి సార్, నిప్పు కుదురుకోలేదు. ఇప్పుడు పెడితే పైన మాడుతుంది, లోపల ఉడకదు" అని చెప్పి, విసనకర్రతో విసురుతూ పక్కనే నిలబడ్డాడు. బొగ్గు పైన తెల్లని నివురు కమ్ముకొని, మంట అణిగి, సెగ ఒక్క తీరుగా వచ్చేదాకా అతడు చువ్వ పెట్టనివ్వలేదు. ఆ కొద్ది నిమిషాల ఓపికే ఆ రాత్రి భోజనాన్ని నిలబెట్టిందని నేను నమ్ముతున్నాను. పక్క బల్ల వాళ్ళు తొందరపెట్టి మంట మీదే కాల్పించుకున్నారు. వాళ్ళ పళ్ళేలలో నల్లగా మాడిన అంచులు ఒక పక్కన పోగుపడటం మేమంతా చూశాము.

మేనల్లుడి ప్రశ్నకు జవాబు వంటింటి పెద్దమనిషి ఇచ్చాడు. బొగ్గు కంపదేనని, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్తాల్లో వస్తుందని చెప్పాడు. ఆ కట్టె గట్టిది కావడం వల్ల బొగ్గు బరువుగా ఉంటుందట, నిప్పు చాలాసేపు నిలుస్తుందట. మాంసం నుంచి కరిగిన కొవ్వు ఆ నిప్పుల మీద చుక్కచుక్కగా పడి, పొగగా పైకి లేచి, తిరిగి ముక్కకే పడుతుంది. కాల్చిన మాంసానికి వచ్చే ప్రత్యేకమైన వాసనలో పెద్ద పాలు దానిదే, అది గ్యాస్ పొయ్యి మీద రాదు.

మొదట వచ్చిన పొట్టేలు మాంసం అన్నిటికన్నా బాగుంది. పొట్టేలు తొడ మాంసంలో నారలాంటి కండరబంధం ఎక్కువ, అది మెత్తబడాలంటే గంటల తరబడి సన్నని సెగ కావాలి. టెక్సాస్‌లో ఆవు రొమ్ము భాగాన్ని పది పన్నెండు గంటలు పొగలో ఉంచేది అందుకే. బల్ల దగ్గర అంత సమయం ఉండదు కనుక, మన వాళ్ళు పచ్చి బొప్పాయి ముద్దను పెరుగుతో కలిపి పట్టిస్తారు. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. అయితే అది కాస్త ఎక్కువైనా, ఎక్కువ సేపు నానినా ముక్క పిండిలా విడిపోతుంది. ఇక్కడ కొలత సరిగ్గా కుదిరింది, పంటికి పని ఉంది కానీ కష్టం లేదు. పక్కన ఇచ్చిన ఎర్రకారం ముద్ద కడప కారం దోసె మీద పూసేదే. కొనుక్కొచ్చిన సాసుల బదులు దాన్ని పెట్టాలని ఎవరికి తోచిందో కానీ, వాళ్ళను మనసారా మెచ్చుకోవాలి.

కోడిమాంసం దగ్గర మాత్రం మాకు బాధ కలిగింది. అక్క ఒక ముక్క విరిచి చూస్తే ఎముక పక్కన మాంసం పచ్చిగా, జిగటగా ఉంది. వాళ్ళు వాదించకుండా పళ్ళెం తీసుకెళ్ళి వేరే ముక్కలు తెచ్చారు, అది మంచి పద్ధతే. కానీ పిల్లలు తినే చోట ఈ విషయాన్ని తినేవాళ్ళ కంటికి వదలకూడదు. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే తినడానికి భద్రమని ఆహార భద్రతా నియమాలు చెబుతాయి. రంగు చూసి అది తేల్చలేము, మసాలా పూసిన ముక్క పైన ఎర్రగా కాలినా లోపల పచ్చిగా ఉండవచ్చు. ముక్కలో గుచ్చి చూసే చిన్న థర్మామీటరు ప్రతి వంటింట్లోనూ ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

మా అమ్మ మాంసం ముట్టదు. ఆమె కోసం పనీరు, పుట్టగొడుగులు, మొక్కజొన్న కంకి ముక్కలు తెచ్చి మా నిప్పుల మీదే ఒక పక్కన పెట్టబోతే ఆమె పళ్ళెం వెనక్కి జరిపింది. అడగ్గానే చిన్న పెట్టె వేరుగా తెచ్చి ఆమె ముందు ఉంచారు. కానీ నూనె పూసే కుంచె అప్పటిదాకా మా శీకులకు వాడినదేనని అక్క గమనించి, దాన్ని కూడా మార్పించింది. శనివారాలూ, కార్తీక మాసమూ పాటించే ఇళ్ళు ఎన్నో ఉన్న ఊరిలో ఈ జాగ్రత్త అతిథి అడిగాక తీసుకునేది కాకూడదు. కారమూ, చక్కెరా అద్ది కాల్చిన అనాస ముక్కలు వచ్చాక అమ్మ ముఖం విప్పారింది. మేనల్లుడు తన శీకు వదిలి ఆమె పళ్ళెంలో చెయ్యి పెట్టాడు.

ఇంతలో హాలు మధ్యలో ఒక పుట్టినరోజు వచ్చింది. పనివాళ్ళంతా చప్పట్లు కొట్టడానికి అక్కడికి చేరారు, ఆ పిల్ల సంతోషం చూడముచ్చటగా ఉంది. అయితే అంతసేపూ మిగతా బల్లల మీద చువ్వలు తిప్పే మనిషి లేకపోయాడు. మా రొయ్యలు గట్టిపడిపోయాయి. బావే లేచి వాటిని పక్కకు తీయవలసి వచ్చింది.

పల్లె నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన మా వెనుక బల్ల మీద మాంసం తింటూ, "సంగటి ఉంటే ఇంత పెట్టప్పా" అని అడిగాడు. లేదన్నారు. నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. వేడి రాగి సంగటీ, కంప బొగ్గుల మీద కాల్చిన పొట్టేలు ముక్కా, ఎర్రకారమూ ఒకే పళ్ళెంలో పెట్టగల ఊరు కడప. అది వదిలి నూడుల్స్, పాస్తా వరుసగా పెట్టడం నాకు నచ్చలేదు. బిర్యానీ మామూలుగా ఉంది. నిజానికి శీకులతోనే కడుపు నిండిన జనం దాన్ని వడ్డించుకొని సగం వదిలేస్తుంటే చూడటం కష్టమైంది. జెండా ముందుగా దించుకోమని కూర్చోబెట్టేటప్పుడే చెప్పే మనిషి ఒకరుంటే ఆ అన్నం పారబోసే పని తప్పేది.

బిల్లుతో పాటు అభిప్రాయం రాయమని కాగితం ఇచ్చారు. బావ కోడిమాంసం గురించి రాశాడు, నేను థర్మామీటరూ, కుంచే, సంగటీ రాశాను. నిప్పు కుదిరేదాకా ఆగిన యువకుడి పేరు అడిగి అమ్మ అతని మంచితనాన్ని నా చేత రాయించింది. మేనేజరు అక్కడే నిలబడి అంతా చదివి, "కుంచెలు రేపే వేరు చేయిస్తాను సార్, సంగటి సంగతి మాత్రం ఓనరుతో మాట్లాడాల" అన్నాడు.