అమెరికాలో డాక్టరు నింపే ఫారాలు, వాటి ఫీజు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ మొదటిసారి ఆపరేషన్‌కో ప్రసవానికో సెలవు పెట్టినవాళ్లకు తప్పకుండా వచ్చే సందేహం ఒకటుంది. నెలనెలా ఇన్సూరెన్స్‌కి కడుతూనే ఉన్నాం, ఒక ఫారం నింపడానికి డాక్టరు ఆఫీసు మళ్లీ డబ్బులెందుకు అడుగుతోంది?

రెండు రకాల కాగితాలను ఒకటే అనుకోవడం వల్ల వచ్చే గందరగోళం ఇది. చేసిన వైద్యానికి డబ్బు రాబట్టుకోవడానికి డాక్టరు ఇన్సూరెన్స్‌కి పంపే క్లెయిము ఒక రకం. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఆ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టరైతే అది పంపడం వాళ్ల పనే. ఎక్కువగా పెద్ద వయసువాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్ విషయంలో చట్టమే స్పష్టంగా చెబుతుంది: ఏడాదిలోపు డాక్టరే క్లెయిము పంపాలి, పంపినందుకు రోగి దగ్గర ఏమీ తీసుకోకూడదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవుకీ (అనారోగ్యానికి, కుటుంబ అవసరాలకు ఉద్యోగం పోకుండా సెలవిచ్చే చట్టం), జీతం ఆగినప్పుడు కొంత చేతికిచ్చే షార్ట్ టర్మ్ డిజెబిలిటీకీ కావలసిన ఫారం రెండో రకం. అది వైద్యం కిందికి రాదు. బిల్లింగ్‌లో దీనికి 99080 అనే కోడ్ ఉంది గానీ, ఆరోగ్య బీమా కంపెనీలు చాలావరకు దానికి చెల్లించవు. ఈ ఫారమే మెడికల్ సర్టిఫికెట్, దాని ఖర్చు ఉద్యోగిదేనని ఎఫ్‌ఎంఎల్‌ఏ నిబంధనలే అంటాయి. కాబట్టి ఫీజు అడగడం మోసమేమీ కాదు.

లెక్క ఫారానికి ఇంత అని ఉంటుంది, రోగికి ఇంత అని కాదు. ఒకే ఆపరేషన్‌కి హెచ్ఆర్ ఒక ఫారం అడుగుతుంది, డిజెబిలిటీ కంపెనీ అటెండింగ్ ఫిజీషియన్ స్టేట్‌మెంట్ (వైద్యం చేస్తున్న డాక్టరు ఇచ్చే వివరాలు) అని ఇంకొకటి అడుగుతుంది. రెండూ ఒకేసారి ఇచ్చి, కలిపి ఎంతవుతుందో, ఎన్ని రోజుల్లో చేతికొస్తాయో అప్పుడే అడగాలి. అపాయింట్‌మెంట్‌లో డాక్టరు ఎదుటే నింపించుకుంటే కొన్నిచోట్ల ఫీజు అసలు తీసుకోరు. అదే ఫారం తర్వాత ఫ్రంట్ డెస్క్‌లో వదిలి వస్తే ఫీజు పడుతుంది. ఫీజు కట్టేదాకా కాగితం ముట్టుకోని ఆఫీసులూ ఉంటాయి గనక ఇచ్చిన రోజే కట్టేయడం మేలు.

ఎందుకంటే ఎఫ్‌ఎంఎల్‌ఏ ఫారానికి గడువు చిన్నది. కంపెనీ అడిగిన రోజు నుంచి సాధారణంగా 15 రోజులు, శని ఆదివారాలు కలుపుకునే. మన ప్రయత్నం మనం చేసినా డాక్టరు వల్ల ఆలస్యమైతే ఇంకొంత సమయం దొరుకుతుంది గానీ, ఆ సంగతి గడువు దాటకముందే హెచ్ఆర్‌కి ఈమెయిల్‌లో చెప్పి ఉంచాలి.

ఫారం తిరిగొచ్చేది ఎక్కువగా రెండు గడుల దగ్గరే. సొంత అనారోగ్యానికి వాడే ఎఫ్‌ఎంఎల్‌ఏ ఫారం డబ్ల్యూహెచ్-380-ఇలో జబ్బు ఎంతకాలం ఉంటుందని ఒక గడి, వచ్చిపోయే జబ్బయితే ఎన్నాళ్లకోసారి, ఎంతసేపు అని మరొకటి. అక్కడ డాక్టరు హడావిడిలో ‘తెలియదు’ అనో ‘అవసరాన్ని బట్టి’ అనో రాసేస్తారు. మైగ్రేన్ అయితే ‘నెలకు 3 సార్లు, ఒక్కోసారి 1 నుంచి 2 రోజులు’ అన్నట్టుగా అంచనా అయినా అంకెల్లో ఉండాలి. అసంపూర్ణంగా ఉంటే ఏం తక్కువైందో కంపెనీ రాతపూర్వకంగా చెప్పి, సరిదిద్దడానికి 7 రోజులివ్వాలి. స్పష్టత కోసం డాక్టరుకి హెచ్ఆర్ ఫోన్ చేయవచ్చు గానీ, మన పైన నేరుగా ఉన్న మేనేజరు చేయకూడదు.

కాలం గడిలో రాసిన అంకె మీదే ఫీజు ఎన్నిసార్లు కట్టాలన్నది ఆధారపడి ఉంటుంది. నడుంనొప్పికి డాక్టరు 10 వారాలని రాస్తే, మామూలుగా ఆ 10 వారాలు అయ్యేదాకా కంపెనీ మళ్లీ సర్టిఫికెట్ అడగకూడదు. 4 వారాలని రాసి ఆ తర్వాత పొడిగిస్తే మళ్లీ ఫారం, మళ్లీ ఫీజు, అదీ మన ఖర్చే. ఎక్కువ రాయించుకోమని కాదు, నిజంగా పట్టేదెంతో డాక్టరుని ఆలోచించి రాయమనాలి. డాక్టరు మాట మీద అనుమానంతో కంపెనీ రెండో అభిప్రాయం కోరితే ఆ ఖర్చు మాత్రం కంపెనీదే.

డిజెబిలిటీ ఫారంలో చిక్కంతా తేదీల దగ్గర. చివరిగా పనిచేసిన రోజు, పనికి అశక్తుడైన మొదటి రోజు, ఆపరేషన్ రోజు, ఇవి మూడూ వేరు కావచ్చు. డాక్టరు ఒకటి, మనం ఒకటి, హెచ్ఆర్ ఒకటి రాస్తే డబ్బు ఆగిపోతుంది. ఆ మూడు తేదీలూ క్లెయిము నంబరూ ఒక చీటీ మీద రాసి ఫారానికి అంటించి ఇవ్వండి. మన పేరు, పుట్టినతేదీ గడులు మనమే ముందుగా నింపాలి.

ఇండియాలో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అయితే వాడేది కుటుంబసభ్యుల అనారోగ్యానికి ఉన్న ఎఫ్‌ఎంఎల్‌ఏ ఫారం, డబ్ల్యూహెచ్-380-ఎఫ్. అత్తమామలకు ఎఫ్‌ఎంఎల్‌ఏ వర్తించదు. అక్కడ ప్రాక్టీసు చేసే డాక్టరు సంతకం చెల్లుతుంది, ఇంగ్లీషులో లేకపోతే కంపెనీ అడిగినప్పుడు అనువాదం మనం ఇవ్వాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పంపి ఊరుకుంటే సరిపోదు. రోగికి ఏం చేసిపెట్టాలి, ఎన్నాళ్లు దగ్గర ఉండాలి అన్నవి అందులో సాధారణంగా ఉండవు, ఫారం అడిగేది సరిగ్గా వాటినే. ఖాళీ ఫారం వాట్సాప్‌లో ముందే పంపి, డిశ్చార్జ్ రోజునే డాక్టరుతో నింపించడం సులువు.