పికప్ బండికి స్పార్క్ ప్లగ్గులు ఇంటి దగ్గరే

ముందు బండి పెట్రోలుదో, సీఎన్‌జీదో ఖాయం చేసుకోండి. పలాస జీడిబస్తాలు మోసే డీజిల్ పికప్పులకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు, ఉండేవి ఇంజిన్‌ను వేడెక్కించే గ్లో ప్లగ్గులు. పెట్రోలు, సీఎన్‌జీ మారుతి సూపర్ క్యారీకి నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలెట్టాలి. వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులో (సిలిండర్ల పైమూతలో) మరలు ఊడొస్తాయి. ప్లగ్ మీద ఉండి దానికి కరెంటిచ్చే కాయిల్ తీయగానే, సైకిల్ పంపుతో ప్లగ్ గుంతలోని దుమ్ము ఊదేయండి, లేదంటే అది సిలిండర్లో పడుతుంది. ఒక్కో ప్లగ్గే తీసి బిగించుకుంటూ వెళ్తే వైర్లు తారుమారు కావు.

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తుప్పు జాస్తి. ప్లగ్ కదలకపోతే బలం చూపించొద్దు. తుప్పు వదిలించే నూనె కొట్టి, అరగంట ఆగి, కాస్త ముందుకీ వెనక్కీ ఆడించాలి.

ప్లగ్ మొన దగ్గరి సందు (గ్యాప్) ఎంతుండాలో మాన్యువల్ చూసి, ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) కొలవండి. ఇరిడియం ప్లగ్గయితే మొన జోలికి పోవద్దు.

బిగించడంలోనే అసలు కిటుకుంది. కొత్త ప్లగ్ తలకి రబ్బరు గొట్టం తొడిగి చేత్తో తిప్పండి. మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. వాషరున్న 14 మి.మీ. కొత్త ప్లగ్గయితే, చేతికి బిగిశాక పానాతో అర నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు.

పాత ప్లగ్ మొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టే. నల్లటి మసి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఆయిల్ తడి కనిపిస్తే మాత్రం మెకానిక్ పనే. మార్చాక బండి కుదుపుతోందా? ఏదో కాయిల్ కనెక్టర్ క్లిక్కుమనేదాకా దిగలేదేమో చూడండి.