యూటీఆర్ నంబరు రాసుకున్నారా?

ఖాతాలో డబ్బు పోయిందని తెలియగానే చాలామంది మొదట చేసే పని, తమతో అంతవరకూ మాట్లాడిన నంబరుకే తిరిగి ఫోన్ కొట్టడం. అవతలివాడు తాపీగా "సర్వర్ ప్రాబ్లం సార్, ఇంకోసారి చేస్తే రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అంటాడు. రెండో విడత అలా పోతుంది. ఆ తర్వాత బావమరిదికి ఫోన్, బ్యాంకులో పనిచేసే తెలిసినాయనకు ఫోన్, చివరికి "పొద్దున్నే బ్రాంచికి వెళ్దాంలే" అన్న నిర్ణయం. రెండో శనివారం సాయంత్రం పోయిన డబ్బు కోసం సోమవారం పదింటిదాకా ఆగారంటే ఇక వెతకడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎందుకంటే మీ డబ్బు మొదట పడే ఖాతా మోసగాడిది కాదు. కమీషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతా. పోలీసులు మ్యూల్ ఖాతా అంటారు. అక్కడ పడ్డ నిమిషాల్లోనే మొత్తాన్ని ముక్కలు చేసి నాలుగైదు ఖాతాలకు తోసేస్తారు, అక్కణ్నుంచి ఏటీఎంకో, గిఫ్ట్ కార్డులకో, క్రిప్టోకో పోతుంది. మొదటి ఖాతాలో ఉండగా ఆపగలిగితే మొత్తం ఆగుతుంది. మూడో మెట్టు దాటాక చిల్లర దొరికితే గొప్ప.

ఆపడానికి ఉన్న దారి 1930. కేంద్ర హోంశాఖ ఏర్పాటు చేసిన నంబరు ఇది. ఫోన్ ఎత్తేది రాష్ట్ర పోలీసుల కేంద్రం. వాళ్లు మీ వివరాలు సిస్టంలో ఎక్కించగానే అవి డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి. ఆ ఖాతాలో ఎంత మిగిలితే అంత మీద లీన్ పెడతారు, అంటే ఎవరూ తీయకుండా ఆపుతారు. ఆపాటికే కొంత వేరే బ్యాంకుకు పోయి ఉంటే ఆ జాడ అక్కడికి వెళ్తుంది. అంటే మీ ఫిర్యాదు డబ్బు వెనకాలే పరుగెత్తాలి. ఆ పరుగు మొదలవ్వాలంటే ఆపరేటర్‌కు కావాల్సింది మీ ఆవేదన కాదు, యూటీఆర్ నంబరు, అంటే ఒక్కో లావాదేవీకి విడిగా పడే గుర్తింపు సంఖ్య. యూపీఐ, ఐఎంపీఎస్ లావాదేవీలకు ఇది 12 అంకెలు. నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కు 22.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఫోన్‌పేలో లావాదేవీ తెరిస్తే పైన 'టీ' అక్షరంతో మొదలయ్యే పొడుగాటి ట్రాన్సాక్షన్ ఐడీ కనబడుతుంది. అది ఆ యాప్ తన లెక్క కోసం పెట్టుకున్నది. మీక్కావాల్సింది ఇంకాస్త కిందికి, ఏ బ్యాంకు నుంచి పోయిందో చూపే చోట, యూటీఆర్ అని విడిగా ఉంటుంది. గూగుల్ పేలో దాన్ని యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అంటారు. యాప్ తెరవలేని పరిస్థితి ఉంటే డెబిట్ ఎస్సెమ్మెస్‌లో రిఫరెన్స్ నంబరు చూడండి. స్టేట్‌మెంట్‌లో అయితే యూపీఐ, డీఆర్ అన్న అక్షరాల పక్కన గీతల మధ్య ఇరుక్కుని ఉండే 12 అంకెలు అవే. నాలుగు లావాదేవీలు జరిగితే నాలుగు నంబర్లూ విడివిడిగా చెప్పాలి. పెద్ద మొత్తం ఒక్కటే చెప్పి మిగతావి వదిలేస్తే వాటి మీద లీన్ పడదు.

కాగితం మీద ఇవి రాసుకుని ఫోన్ చేయండి: మీ ఖాతా నంబరు, బ్యాంకు పేరు, ఒక్కో లావాదేవీకి తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్, అవతలి యూపీఐ ఐడీ లేదా ఖాతా. లైన్ కలవకపోతే ఇంట్లో ఒకరు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంటే ఇంకొకరు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నింపొచ్చు. ఫోన్‌లో చెప్పాక ఎస్సెమ్మెస్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, లింక్ వస్తాయి. ఆ లింక్‌లో మిగతా వివరాలు 24 గంటల్లో పూర్తిచేయాలి. ఫోన్‌లో చెప్పేశాం కదా అని వదిలేసేవాళ్లు ఎక్కువ. ఇలాంటి పొట్టి నంబర్లు విదేశాల నుంచి కలవవు కాబట్టి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ల తరఫున ఊళ్లో ఉన్న అన్నో నాన్నో చేయాల్సిందే.

1930కి చెబితే బ్యాంకుకు చెప్పినట్టు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. రెండూ వేర్వేరు ఫిర్యాదులు. బ్యాంకుకు చెప్పిన నిమిషం నుంచి ఇంకో గడియారం మొదలవుతుంది. దాని నియమాలు మొదలైంది రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌తో.

అందులోని లెక్క ఇది. తప్పు బ్యాంకుదైతే, మీరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా మీ మీద పైసా భారం లేదు. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందంటే, డెబిట్ సమాచారం మీకు అందిన రోజును వదిలేసి లెక్కపెట్టి 3 పనిదినాల్లో చెబితే మీ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు మీరు భరించాల్సింది గరిష్ఠంగా 10,000 రూపాయలు, జీరో బ్యాలెన్స్ ప్రాథమిక ఖాతాకు 5,000. 7 దాటితే ఆ బ్యాంకు బోర్డు పాలసీ ఎలా ఉంటే అలా. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుది.

ఇక ఓటీపీయో పిన్నో చెప్పేసినవాళ్ల సంగతి. అది ఖాతాదారు నిర్లక్ష్యం కింద లెక్క. బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మీ నెత్తినే. కానీ చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు నెత్తిన. సిగ్గుపడి దాచుకోవడం వల్ల వచ్చే నష్టం ఇక్కడే. "నేనే చెప్పాను కదా, ఇక అడిగి ఏం లాభం" అనుకుని రెండు రోజులు ఊరుకున్నవాళ్ల ఖాతాలో ఆ రెండు రోజులూ కోత పడుతూనే ఉంటుంది.

బ్రాంచిలో వినబడే మొదటి మాట "ముందు ఎఫ్ఐఆర్ తెండి". ఆ సర్క్యులర్‌లో ఎఫ్ఐఆర్ చూశాకే ఫిర్యాదు తీసుకోవాలన్న మాట లేదు. కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకుండా కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అక్కడే నిలబడి ఈమెయిల్ చేయండి. టైమ్ దానంతట అదే పడుతుంది.

కాగితంలో ఏం రాశారన్నది కూడా డబ్బంత విలువైనదే. "నా ఖాతా హ్యాక్ అయింది, దయచేసి నా డబ్బు ఇప్పించగలరని ప్రార్థన" అని రాస్తే బ్యాంకు చేతికి ఏమీ చిక్కదు, మీ చేతికీ ఏమీ రాదు. ఇలా రాయండి: "ఫలానా తేదీ రాత్రి 9.14కు నా ఖాతా నుంచి 49,500 రూపాయలు ఈ యూటీఆర్‌తో డెబిట్ అయ్యాయి. ఈ లావాదేవీ నేను చేయలేదు, ఎవరినీ చేయమనలేదు. 9.31కు మీ హెల్ప్‌లైన్‌కు చెప్పాను, ఫిర్యాదు నంబరు ఇది. 1930 అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇది. అనధికార లావాదేవీల మీద ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం తాత్కాలిక జమ కోరుతున్నాను." అయితే ఒక మాట. మీరే పిన్ కొట్టి పంపి ఉంటే "నేను చేయలేదు" అని రాయకండి. బ్యాంకు రికార్డులో ఏ ఫోన్ నుంచి జరిగిందో ఉంటుంది, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. "ఫలానా మాట చెప్పి మోసగించి చేయించారు" అనే రాయండి. అలాంటి కేసుల్లో బ్యాంకు నుంచి వచ్చేది తక్కువ, లీన్ పడ్డ డబ్బు మీదే ఆశ.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. లీన్ పడ్డ డబ్బు విడిపించుకోవడం వేరే దారి. దానికి మామూలుగా కోర్టు ఉత్తర్వు కావాలి. పాత సీఆర్‌పీసీలో 451, 457 సెక్షన్ల కింద వేసే పిటిషన్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 497, 503 కింద వేస్తారు. తెలంగాణలో 2024 నుంచి ఇలాంటి చాలా మొత్తాలను లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పించారు కాబట్టి, మీ కేసు చూసే స్టేషన్‌లో తర్వాతి లోక్ అదాలత్ ఎప్పుడో అడగండి. ఈ మధ్యలో "మీ డబ్బు ఆగి ఉంది, 5 శాతం కడితే విడుదల చేస్తాం" అంటూ ఒక ఫోన్ వస్తుంది. అది మొదటి దొంగ తమ్ముడు.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా నడుస్తున్న మోసం గురించి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ నిన్ననే ఇలాగే మోసగాళ్ల చేతికి చిక్కింది. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతుంది. అది ఎంత ప్రమాదమో అర్థం కావాలంటే యూపీఐ ఎలా మొదలవుతుందో తెలియాలి. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెడితే మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతట అదే వెళ్తుంది. "ఈ ఫోన్ ఈ నంబరుదే" అని నమ్మించేది ఆ ఒక్క ఎస్సెమ్మెస్సే. మీ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పంపే శక్తి ఏపీకేకు ఇచ్చారంటే, మోసగాడు తన ఫోన్‌లో మీ ఖాతాను తెరుచుకోవచ్చు. ఆపైన యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి చాలావరకు డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఓటీపీ చాలు. ఓటీపీ ఎటూ ఏపీకే చదివి పంపుతుంది. అందుకే "పూర్తి నంబరు వద్దండీ, చివరి ఆరంకెలు చెప్పండి చాలు" అన్నవాడు మర్యాదస్తుడేం కాదు, వాడికి కావాల్సిందే అంత.

ఇన్‌స్టాల్ అయిపోయిందా? ముందు ఏరోప్లేన్ మోడ్. వైఫై విడిగా ఆన్‌లో ఉండిపోవచ్చు, అదీ ఆపండి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి మాట్లాడి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ బ్లాక్ చేయించండి. కంగారులో అదే ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చకండి, కొత్త పాస్‌వర్డూ వాళ్లకే చేరుతుంది. యాప్ పేరు, వచ్చిన వాట్సాప్ నంబరు ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే తీసివేత సంగతి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండు చోట్లా దాని పేరు ఆఫ్ చేయాలి. అయినా నమ్మకం లేదు కాబట్టి ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నయం. ఆ తర్వాత ##002# డయల్ చేస్తే ఎక్కడికైనా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే పోతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా చూడండి.

స్మార్ట్‌ఫోనే లేని అమ్మానాన్నల ఖాతాకూ ఒక కన్నం ఉంది, అది వేలిముద్ర. ఆధార్ ద్వారా నగదు తీసే ఏఈపీఎస్‌లో పిన్ లేదు, ఓటీపీ లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, అంతే. వేలిముద్ర నకలు చేయడం ఊహ కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చుపోసి, వాటితో వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసిన వ్యవహారం బయటపడింది. మందు ఆధార్ అధికారిక యాప్‌లో ఉంది: బయోమెట్రిక్ లాక్. కానీ లాక్ పెట్టి ఊరుకుంటే ఒకటో తారీఖున పింఛను దగ్గర, రేషన్ దుకాణంలో ఈ-పాస్ మిషన్ దగ్గర వేలు పడదు. వేలే కాదు, కనుపాప, ముఖం కూడా పనిచేయవు. పెద్దాయన "నా వేళ్లు అరిగిపోయాయి" అనుకుని తిరిగి వచ్చేస్తాడు. తాత్కాలికంగా లాక్ తీసే ఏర్పాటు అదే యాప్‌లో ఉంది, కొన్ని నిమిషాలకు మళ్ళీ అదే పడుతుంది. లాక్ పెట్టినవాళ్లే ఆ రోజు పక్కన ఉండాలి, లేదా ఫోన్‌లో అందుబాటులో ఉండాలి.

ఖాతాల అమరికలో చేయాల్సింది ఒక్కటే పెద్ద పని. యూపీఐ ఉన్న ఖాతా, పొదుపు ఉన్న ఖాతా వేరు చేయండి. రెండోదానికి యూపీఐ, డెబిట్ కార్డు లింక్ చేయొద్దు. ఖాతాలో ఎక్కువైన డబ్బు దానంతట అదే డిపాజిట్‌గా మారే ఆటో స్వీప్ పెట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్త. ఖాతాలో 8,000 కనబడుతుంది కదా అనుకుంటారు, కానీ ఎవడైనా 80,000 లాగితే వెనకున్న డిపాజిట్ దానంతట అదే విరిగి ఇస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ నెట్ బ్యాంకింగ్‌లో కనబడితే దాన్ని ఆన్‌లైన్‌లో విరగ్గొట్టొచ్చు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే అప్పు కూడా తీయొచ్చు. ఆ సౌకర్యం వద్దని బ్రాంచిలో రాసివ్వండి.

చివరగా, ఏ తప్పూ చేయని కిరాణా కొట్టువాళ్ల మాట. ఎవడో దొంగ డబ్బుతో 600 రూపాయల సరుకు కొని స్కాన్ చేసి పోతాడు. వారం తిరిగేసరికి ఖాతా మొత్తం ఆగిపోతుంది. బ్యాంకులో అడగాల్సినవి మూడు: ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఏ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు. అవి తెలిశాక ఆ రోజు బిల్లు, స్టాక్ పుస్తకం, జీఎస్టీ ఉంటే ఆ కాగితం జతచేసి ఆ స్టేషన్‌కు ఈమెయిల్ పంపి, కాపీ బ్యాంకుకు ఇవ్వండి. లీన్ ఆ 600కే పరిమితం చేయమని స్పష్టంగా రాయండి. ఇలాంటి కేసుల్లోనే 2023లో కేరళ హైకోర్టు, ఖాతా మొత్తం కాకుండా వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని చెప్పింది. ఆ మాటా ఆ లెటర్‌లో ఒక వాక్యంగా చేర్చండి.