పాఠాలు చెప్పడం మాని ఇల్లు ఎంచుకున్నాను: నా అనుభవం

తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పెద్దవాడు పుట్టినప్పుడు 26 వారాల ప్రసూతి సెలవు దొరికింది. 2017లో చట్టం మారకముందు అది 12 వారాలే. ఆ సెలవు ముగిసేలోపు రాజీనామా రాసి ఇచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. శ్రీకాళహస్తి నుంచి వచ్చి బిడ్డను చూసుకుంటానని అత్తమ్మ అన్నది. కాలేజీవాళ్లు తిరిగి రమ్మన్నారు. మా ఆయన "నువ్వు ఏది అనుకుంటే అది" అన్నారు. అన్ని దారులూ ఉండగానే ఇల్లు ఎంచుకున్నాను. దేవుడు నన్ను ఈ పనికి పిలుస్తున్నాడని నమ్మి ఎంచుకున్నాను. మా చర్చి సంఘంలో కొత్తగా పెళ్లయిన చెల్లెళ్లు కొందరు ఈ మధ్య దీని గురించి అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది, ఈ నిర్ణయం ఒక్క రాత్రిలో తీసుకున్నది కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో చాలా రోజులు ఇదే అంశం పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక నోటుబుక్కు తీసి లెక్కలు వేసుకునేవాళ్లం. మా ఆయనకు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, జీతం ఒక తేదీకి కచ్చితంగా వస్తుంది. నా జీతం పోతే ఏది ఆగుతుంది? కడుతున్న చీటీ ఆగుతుంది. స్థలం కొనాలన్న ఆలోచన వాయిదా పడుతుంది. దశమభాగం, అంటే ఆదాయంలో దేవునికిచ్చే పదోవంతు, ఆగకూడదు. ఇవన్నీ కాగితం మీద చూసుకుని, సరే అని ఇద్దరం అనుకున్నాకే అడుగు వేశాం. విశ్వాసం ఉంటే లెక్కలు అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా.

అసలు కష్టం తర్వాత మొదలైంది. కాలేజీలో సిలబస్ ఉంటుంది, ఒక పాఠం అయిపోయిందంటే అయిపోయినట్టే. ఇంట్లో ఏదీ అయిపోదు. పొద్దున తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్లీ సింకులోనే. మా వీధికి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. ఆ పూట బిడ్డ ఏడుస్తున్నా బిందెలు నింపాల్సిందే. రాత్రిళ్లు నిద్ర ఉండదు. బైబిలు తెరిస్తే రెండు వచనాలకే కళ్లు మూతపడేవి. ఆదివారం ఆరాధనలో వాడు ఏడవడం, నేను ఎత్తుకుని బయట వేపచెట్టు కింద తిరగడం, ప్రసంగం సగం కూడా చెవిన పడకపోవడం. దేవుని పని అని ఇంట్లో ఉంటే దేవునికే దూరమవుతున్నానా అని బెంగ పట్టుకుంది. మా అమ్మ మాట ఇంకో పక్క గుచ్చుకునేది. "ఏమ్మా, అప్పు చేసి ఎమ్మెస్సీ చదివించింది గిన్నెలు తోమేదానికా?" అనేది. ఆమె బాధ నాకు అర్థమయ్యేది. తను చదువుకోలేకపోయింది. నా ఉద్యోగం ఆమెకు కూడా గెలుపే.

ఆ రోజుల్లో పాస్టరమ్మగారు ఇంటికి వచ్చారు. నా బెంగంతా విని, బైబిల్లో 1 సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయం తీసి చదవమన్నారు. హన్నా కన్నీటితో ప్రార్థించి బిడ్డను పొందిన సంగతి చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదే. ఆ తర్వాతి వచనాల దగ్గర మాత్రం నేనెప్పుడూ ఆగలేదు. ఏటేటా బలి అర్పించడానికి ఆమె భర్త ఎల్కానా ఇంటివాళ్లతో మందిరం ఉన్న షిలోహుకు బయలుదేరితే హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు విడిచేదాకా రానని భర్తతో చెప్పింది. నీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయి అన్నాడాయన. మందిరంలో అంతగా ప్రార్థించిన మనిషి ఆ మందిరానికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని బిడ్డకు పాలిచ్చింది, లేఖనం ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ పాలు తాగిన బిడ్డ సమూయేలే తర్వాత ఇశ్రాయేలుకు ప్రవక్త అయ్యాడు. "నువ్వు పాలిచ్చే గంట కూడా ఆరాధనేనమ్మా, ఆ గంటలో నోటికొచ్చిన కీర్తన పాడుకో" అన్నారు అమ్మగారు. అప్పటి నుంచి అట్లాగే చేశాను. తెల్లవారుజామున బిడ్డ లేచినప్పుడు సంఘ కీర్తనల్లో నాకు కంఠతా వచ్చినవన్నీ వరసగా పాడేదాన్ని. చదవలేని రోజుల్లో నన్ను నిలబెట్టింది చిన్నప్పుడు నేర్చుకున్న ఆ పాటలే.

ఇక మా ఆయన సంగతి. మాది లూథరన్ సంఘం, అంటే జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ బోధను అనుసరించే సంఘం. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు ఈ ప్రాంతంలో నాటిన సంఘాలు మావి. అక్టోబరు చివర, ఆ సంస్కరణను గుర్తు చేసుకునే పండుగ ఆదివారం నాడు పాస్టరుగారు ఒక సంగతి చెప్పారు. 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ లూథర్, తండ్రి బిడ్డ మలినబట్టలు ఉతుకుతుంటే లోకం నవ్వుతుందేమో కానీ, అది విశ్వాసంతో చేస్తే దేవుడు దూతలందరితో కలిసి ఆనందిస్తాడని రాశాడట. అప్పటికి లూథర్‌కు పెళ్లే కాలేదు. కాతరీనాను చేసుకున్నది 1525లో. ఆ రోజు నేను మామూలుగానే బయట వేపచెట్టు కింద ఉన్నాను, లోపల విన్నది మా ఆయన. మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు బిడ్డ గుడ్డల బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్లారు. "నువ్వెందుకు నాయనా" అని అత్తమ్మ అంటే, "ఇది నా పని కూడా అమ్మా" అన్నారు. ఇప్పటికీ ఇంట్లో బట్టల పని ఆయనదే. ఇల్లు చూసుకోవడం నాకు పిలుపైతే, ఆ ఇంట్లో ఆయనకూ పిలుపు ఉంది. భర్త చేయి కలపని చోట ఈ మాట భార్య ఒక్కదాని మీద మోపడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

బిడ్డకు నీళ్లు పోయడం నాకు నేర్పింది పక్కింటి పెద్దమ్మ. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు నడిచి వెళ్లే మనిషి. కాళ్లు చాపుకుని, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, సున్నిపిండితో ఎట్లా రుద్దాలో రోజూ వచ్చి చూపించింది. ఆరు నెలలు నిండాక రాగిజావ ఎంత పల్చగా కాచాలో కూడా ఆమే చెప్పింది. ఆ కృతజ్ఞత నా ప్రార్థనలో ఎప్పుడూ ఉంటుంది.

పిల్లలు కాస్త నిలదొక్కుకున్నాక ఇంటి పని ఇంటితో ఆగలేదు. రుయా ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. రోగికి తోడుగా వచ్చినవాళ్లు చాలామంది పస్తులుంటారు. మా మహిళా సమాజం వాళ్లం వంతులవారీగా అన్నం వండి తీసుకెళ్తాం. నా వంతు రోజున పెద్దవాడు క్యారియర్ల మూతలు పెడతాడు, చిన్నది పక్కన నిలబడి స్తోత్రం చెప్తుంది. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి, నీ విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండిందని రాసింది నాకు ఈ క్యారియర్ల దగ్గరే బాగా అర్థమైంది.

మా అమ్మ మనసు మారడానికి మాత్రం కాలం పట్టింది. సంఘంలో ఒక లాయరు అన్న ఆమెకు కోర్టు సంగతులు చెప్పాడు. 2001 జనగణనలో గృహిణులను పని చేయనివాళ్ల కింద, బిచ్చగాళ్లు, ఖైదీల వరసలో వేశారనీ, 2010లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టిందనీ, 2021లో జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని తీర్పులో రాశారనీ వివరించాడు. 2019 సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని కూడా చెప్పాడు. అమ్మ అంతా విని, "మా అమ్మకు ఈ లెక్క ఎవరూ వేయలేదే" అన్నది. ఆ తర్వాత గిన్నెల మాట ఎత్తలేదు.

అడిగే చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. ఉద్యోగం చేసే తల్లిని తక్కువ చూడొద్దు. బైబిల్లో సామెతలు 31వ అధ్యాయంలోని స్త్రీ పొలం కొన్నది, నారబట్టలు నేయించి అమ్మింది. మోషే తల్లి తన బిడ్డకే పాలిచ్చి ఫరో కుమార్తె దగ్గర జీతం తీసుకున్నది. పిలుపు ఒక్కొక్కరికి ఒక్కో తీరు. ఇల్లు ఎంచుకుంటే భర్తతో కూర్చుని లెక్క చూసుకోండి. మీ పేరున బ్యాంకు ఖాతా ఉండనివ్వండి, ఆయన ప్రతి నెలా అందులో కొంత వేయాలి. మా ఇంట్లో మొదటి నుంచీ అంతే. ఆయన పేర బీమా తీసుకోండి. చదివిన చదువు వదలొద్దు. నేను సాయంత్రాలు వీధి పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్తాను. మళ్లీ కాలేజీకి వెళ్తావా అంటే, దేవుడు తలుపు తెరిచిన రోజు వెళ్తాను. పాలు విడిచాక హన్నా కూడా షిలోహుకు వెళ్లింది.

బుధవారం కూడిక మా ఇంట్లోనే జరుగుతుంది. చంటిబిడ్డ ఏడుస్తాడని వెనకాడకండి, ఎత్తుకునే రండి. చాపా, దిండూ, వేడినీళ్లూ సిద్ధంగా ఉంటాయి.