బగ్ ఒక్క రాత్రిలో దొరికింది, దాన్ని మూయించడానికి నాలుగు నెలలు పట్టింది

నెట్ ఊరికే తెగిపోతుంటే ఎక్కడ పోతోందో చూద్దామని రౌటర్ అడ్మిన్ పేజీ తెరిచా. అందులో పింగ్ టెస్ట్ అని ఒకటుంటుంది కదా, ఐపీ అడ్రస్ కొడితే రౌటరే దానికి పింగ్ (జవాబొస్తుందా అని చిన్న సందేశం) పంపి రిజల్ట్ చూపిస్తుంది, ఆ రిజల్ట్ చూస్తే అచ్చం లినక్స్ టెర్మినల్‌లో వచ్చినట్టే ఉంది, అక్షరం తేడా లేదు. నేను కొట్టింది కొట్టినట్టు ఎత్తుకెళ్ళి షెల్‌కి, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కి, ఇచ్చేస్తోందేమో అని అక్కడే డౌటొచ్చింది.

127.0.0.1 (అంటే ఆ రౌటరే) పక్కన సెమీకోలన్ పెట్టి, ఏ యూజర్‌గా నడుస్తోందో చెప్పే ఐడీ అనే కమాండ్ కొట్టా, షెల్‌లో సెమీకోలన్ తర్వాత వచ్చేది ఇంకో కమాండ్ కింద లెక్క. ఐపీ తప్పు అని ఎర్ర అక్షరాలు. వదిలేద్దామనుకున్నా గానీ పేజీ సోర్స్ చూస్తే ఆ చెకింగ్ మొత్తం బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లోనే ఉంది. ఇంకేం, బ్రౌజర్ పక్కన పెట్టి కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో అదే రిక్వెస్ట్ పంపా. పింగ్ లైన్ల కింద ఇంకో లైన్ వచ్చింది, యూఐడీ 0, రూట్, అంటే సర్వాధికారాలూ ఉన్న యూజర్. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు, సాఫ్ట్‌వేర్ లోపాల రకాల లిస్టు సీడబ్ల్యూఈలో 78వ నంబర్. సరదాకి లాగిన్ అయినట్టు గుర్తుగా వెళ్ళే కుకీ కూడా తీసేసి పంపా, అదీ పనిచేసింది! అంటే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, ఆ వైఫైలో ఉన్న ఎవరికైనా రౌటర్ రౌటరంతా చేతికొచ్చేస్తుంది. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాక్ చేసిన పరికరాల గుంపు) పాపం డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటీ ట్రై చేసి కెమెరాలు, రౌటర్లు పట్టుకుంది, ఇక్కడ ఆ కష్టం కూడా లేదు. ఇదంతా నా సొంత డబ్బా మీదే చేశాను లెండి, ఊళ్ళోవాళ్ళ ఐపీల మీద ఇలాంటివి ట్రై చేస్తే కేసవుతుంది.

అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. ఇలాంటివి ఎవరికి చెప్పాలో కంపెనీలు సైట్‌లో సెక్యూరిటీ టెక్స్ట్ అనే చిన్న ఫైల్‌లో పెట్టాలి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ పత్రంగా కూడా వచ్చింది అది. ఈ రౌటర్ కంపెనీకి లేదు. సపోర్ట్‌కి రాస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా అన్నారు. మళ్ళీ రాస్తే ఇంకొకరెవరో బిల్లు, సీరియల్ నంబర్ పంపమన్నారు. మూడోసారి కథలన్నీ తీసేసి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, ఒక్క లైన్ కర్ల్ కమాండ్, స్క్రీన్‌షాట్, ఈరోజు నుంచి 90 రోజులకి బయటపెడతాను అని తేదీ, అంతే రాశా. బగ్‌లు వెతికే గూగుల్ టీమ్ ప్రాజెక్ట్ జీరో వాళ్ళు ఇచ్చే గడువు అది, ఇలాంటి రిపోర్టులు కంపెనీలకి చేరవేసే అమెరికా సంస్థ సెర్ట్ సీసీ వాళ్ళయితే 45 రోజులే ఇస్తారు. తేదీ చూశాక కదిలారు, ఒక ఇంజనీర్ దగ్గర్నుంచి జవాబొచ్చింది.

తర్వాత బగ్ ఎంత ప్రమాదకరమో చెప్పే స్కోర్ మీద పేచీ. అడ్మిన్ లాగిన్ కావాలి కదా, పదికి లెక్కేసే సీవీఎస్ఎస్ స్కోర్ 6.8, మీడియం అన్నారు. బాబూ కుకీ లేకుండా చూడండి అని వీడియో తీసి పంపాక 8.8కి ఒప్పుకున్నారు. లాగిన్ కావాలా వద్దా అన్న ఒక్క గడి మారితే ఇంత తేడా.

ఆరో వారం బీటా ఫర్మ్‌వేర్ పంపారు టెస్ట్ చేయమని. సెమీకోలన్ పెడితే ఆపేస్తోంది, శభాష్ అనుకుని దాని బదులు షెల్‌లో కమాండ్లని కలిపే పైప్ గుర్తు (|) పెట్టా. రూట్! సెమీకోలన్ ఒక్కటీ తీసేశారు, అంతే. రెండో బీటాలో పైప్ కూడా ఆపారు, బ్యాక్‌టిక్ గుర్తులతో (`) మళ్ళీ లోపలికెళ్ళా. నిజంగా నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇలా ఒక్కో గుర్తూ ఏరుకుంటూ పోతే ఎప్పటికి తెములుతుంది, వచ్చింది అసలు ఐపీయేనా అని రౌటర్ వైపే చూడండి, షెల్‌కి ఇవ్వకుండా పింగ్ ప్రోగ్రామ్‌కే నేరుగా ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి, కుకీ లేకపోతే ఆ పేజీ అసలు పలకకూడదు అని విడమరిచి రాశా. మూడో బీటాలో నిలబడింది. దానికోసం నేను ఇంకో నెల ఎక్కువిచ్చా, అది నా బలహీనత అనుకోండి.

ఒక్కో బగ్‌కి అందరూ వాడే గుర్తింపు సంఖ్య, అదే సీవీఈ నంబర్, ఇచ్చే అధికారం ఆ కంపెనీకి లేదు కాబట్టి ఆ లిస్టు నడిపే మైటర్ సంస్థ ఫామ్ నేనే నింపా. నంబర్ వచ్చింది గానీ బయట ఎక్కడా వివరాలు పెట్టనంత కాలం ఆ పేజీలో రిజర్వ్‌డ్ అనే కనిపిస్తుంది, రోజూ వెళ్ళి చూసొచ్చేవాణ్ణి.

చివరికి ఫర్మ్‌వేర్ రిలీజ్ చేశారు. రిలీజ్ నోట్‌లో ఏముందంటే, స్టెబిలిటీ మెరుగుపరిచాం. అంతే. ఇంకా కామెడీ ఏంటంటే నా రౌటర్‌లో అప్‌డేట్ బటన్ నొక్కితే మీది లేటెస్ట్ వెర్షనే అంటోంది, సైట్ నుంచి ఫైల్ దింపుకుని నేనే చేత్తో ఎక్కించుకున్నా.